వర్చువల్ మెషీన్‌లో ఆర్‌టీసీ రిజిస్టర్లను ఎమ్యులేట్ చేయడం ఎలా

ఆర్‌టీసీ అంటే రియల్ టైమ్ క్లాక్, పీసీలో తేదీ, టైమ్ ఉంచే చిప్. పీసీ గెస్ట్‌లు (వర్చువల్ మెషీన్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌లు) టైమ్ కోసం ఇప్పటికీ తడిమేది 1984 నాటి ఐబీఎం పీసీ ఏటీతో వచ్చిన చిప్‌నే: మోటరోలా ఎంసీ146818. పోర్ట్ హెక్స్ 70కి రిజిస్టర్ నంబరు రాసి, హెక్స్ 71లో విలువ చదువుతారు, అంతే. 70కి రాసే బైట్‌లో పై బిట్ ఎన్‌ఎంఐది (మామూలుగా అడ్డుకోలేని ఇంటరప్ట్, అంటే ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం), దాన్ని తీసేసి కింది ఏడు బిట్లే ఇండెక్స్‌గా పట్టుకోండి.

సెకనుకోసారి మోగే టైమర్ పెట్టి రిజిస్టర్లను పెంచుకుంటూ పోకండి. హోస్ట్ (వర్చువల్ మెషీన్‌ను నడిపే అసలు మెషీన్) మీద లోడ్ పడ్డప్పుడల్లా గెస్ట్ గడియారం వెనకబడుతుంది. హోస్ట్ టైమ్‌కీ గెస్ట్ టైమ్‌కీ ఉన్న తేడాను మాత్రం దాచుకుని, అడిగినప్పుడు లెక్కకట్టి ఇవ్వండి. రిజిస్టర్ 0 సెకన్లు, 2 నిమిషాలు, 4 గంటలు, 6 వారం (ఆదివారం 1), 7 తేదీ, 8 నెల, 9 సంవత్సరం చివరి రెండంకెలు. 1, 3, 5 అలారానివి. వాటిలో హెక్స్ సీ0, ఆపైన ఏది రాసినా ‘ఏదైనా సరే’ అని అర్థం.

విలువ ఏ రూపంలో ఇవ్వాలో రిజిస్టర్ బి చెబుతుంది. బిట్ 2 సున్నా అయితే బీసీడీ (ఒక్కో దశాంశ అంకెకు నాలుగు బిట్లు): 45 నిమిషాలంటే హెక్స్ 45. బిట్ 1 సున్నా అయితే 12 గంటల పద్ధతి, పీఎం గంటలకు పై బిట్ కలపాలి. బీసీడీలో అర్ధరాత్రి హెక్స్ 12, మిట్టమధ్యాహ్నం హెక్స్ 92. ఈ రెండూ తప్పకుండా పరీక్షించండి, తారుమారయ్యేది ఇక్కడే. గెస్ట్ బిట్ 7 (సెట్) పెట్టగానే టైమ్‌ను రిజిస్టర్లలోకి దించి ఆపేయండి, తీయగానే వాటినుంచి కొత్త తేడా కట్టండి. సెట్ పెట్టినప్పుడు బిట్ 4 కూడా చెరిగిపోవాలి.

రిజిస్టర్ ఏలో పై బిట్ యూఐపీ (టైమ్ అప్‌డేట్ అవుతోందని చెప్పేది). సెకను మారడానికి ముందు 244 మైక్రోసెకన్లు అది 1గా కనిపించాలి. ఎప్పుడూ సున్నాయే ఇస్తే, అది 1 అయ్యేదాకా కాచుకునే పాత గెస్ట్‌లు అక్కడే ఆగిపోతాయి. కింది నాలుగు బిట్లు పీరియాడిక్ రేటు: 3 నుంచి 15 వరకు, 32768ని (విలువ − 1) సార్లు సగం చేస్తే హెర్ట్జ్ వస్తుంది. మామూలుగా ఉండే హెక్స్ 26కి 1024.

అసలు తలనొప్పి రిజిస్టర్ సితో. పీరియాడిక్, అలారం, అప్‌డేట్ ఫ్లాగులు (బిట్ 6, 5, 4) ఇంటరప్ట్ అనుమతి లేకపోయినా లేవాలి. రిజిస్టర్ బిలో అదే స్థానంలో అనుమతి ఉంటేనే బిట్ 7 లేచి ఐఆర్‌క్యూ 8 (ఆర్‌టీసీకి కేటాయించిన ఇంటరప్ట్ లైన్) పైకి పోతుంది. చదివితే అన్నీ సున్నా అయి లైన్ దిగాలి. దించడం మరిచారో, పిఐసీ (ఇంటరప్ట్ కంట్రోలర్) లైన్ పైకి లేచే అంచును చూసి పనిచేసేది కాబట్టి మొదటి ఇంటరప్ట్ తర్వాత రెండోది రాదు. డీబగ్గర్‌లో ఈ రిజిస్టర్‌ను చూపించేటప్పుడు గెస్ట్ చదివే దారినే వాడితే ఫ్లాగులు మీరే చెరిపేస్తారు. దానికి వేరే ఫంక్షన్ ఉంచుకోండి.

రిజిస్టర్ డి హెక్స్ 80 ఇస్తే చాలు, బ్యాటరీ బాగుందని.

విండోస్ గెస్ట్ ఐదున్నర గంటలు వెనక చూపిస్తే కోడ్‌ను అనుమానించకండి. మామూలు సెట్టింగుల్లో అది ఆర్‌టీసీలో లోకల్ టైమ్ ఉందనుకుంటుంది, లినక్స్ సాధారణంగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. మొదటి తేడాను ఏ లెక్కన కట్టాలో గెస్ట్‌వారీగా ఎంచుకునే ఆప్షన్ ఇవ్వండి.