పెల్లెట్ పొయ్యిలో గాలి ఆఖర్న ఆపాలి

విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటి వెనక రేకుల పంచలో, పొట్టు గుళికలతో, ఫ్యాన్ గాలితో మండే పెల్లెట్ పొయ్యి మీద పిండివంటల ఆర్డర్లు చేస్తాను. కొన్న కొత్తలో, సంక్రాంతి ముందు రాత్రి, ఆఖరి వాయి అరిసెలు తీసి మూకుడు దించాక, గ్యాస్ పొయ్యి కట్టేసినట్టే ఫ్యాన్ స్విచ్ ఆపేశాను. లోపల ఇంకా సగం పెల్లెట్లు ఉన్నాయి. నిమిషం తిరక్కుండా పంచ నిండా తెల్లటి పొగ. కళ్ళు మండిపోతుంటే కంగారులో మళ్ళీ స్విచ్ వేశాను. గుప్పుమని మూరెడు మంట లేచింది. కొంగు బొడ్లో దోపుకుని ఉన్నాను కాబట్టి ఏమీ కాలేదు. ఎందుకలా అయిందో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

మా అమ్మమ్మ పొట్టు పొయ్యి వాడేది. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టంగా కూరి, సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగేసేది. మిగిలిన ఆ బొరియలోంచి గాలి ఆడేది. పెల్లెట్ అంటే ఆ పొట్టునో, వేరుశనగ తొక్కల్నో, పత్తి కట్టెనో పొడి చేసి మిషన్‌లో ఒత్తిన గుళికే. 6 నుంచి 8 మిల్లీమీటర్ల లావుంటుంది. అమ్మమ్మ పొయ్యిలో బొరియ చేసిన పని ఇక్కడ చిన్న ఫ్యాన్ చేస్తుంది.

ఫ్యాన్ గాలి రెండు దారుల్లో వెళ్తుంది. కొంచెం కింద జల్లెడలోంచి పెల్లెట్ల మధ్యకి, మిగతాది పై అంచు కింద చుట్టూ ఉన్న చిల్లుల్లోంచి. మనం పైన నిప్పు పెడతాం. ఆ వేడికి కింది వరస పెల్లెట్లు కాగి పొగలాంటి గ్యాస్ వదులుతాయి. అది పైకొచ్చి చిల్లుల గాలి తగలగానే మంటవుతుంది. అంటే మూకుడు కింద మనకి కనిపించే మంట చాలావరకు ఆ గ్యాసే. నిప్పు వరసవరసగా కిందికి దిగుతూ, వెనక బొగ్గుని మిగులుస్తుంది. మధ్యలో ఫ్యాన్ ఆపితే కాగిన పెల్లెట్లు గ్యాస్ వదలడం మానవు, మండడానికి గాలి మాత్రం ఉండదు. నా పంచలో నిండిన తెల్లపొగ అదే. మళ్ళీ గాలి తగిలేసరికి ఒక్కసారి అంటుకుంది.

అందుకని ఎప్పుడు ఆర్పాలో పెల్లెట్లు పోసేటప్పుడే లెక్క చూసుకోవాలి. నా పొయ్యిలో కిలోన్నర పడుతుంది. రెండు వాయిల పనికి నిండా పొయ్యను. మీ పొయ్యిలో కిలో ఎంతసేపు మండుతుందో మొదటి వారం గడియారం పెట్టి నోట్‌బుక్‌లో రాసుకోండి. పోసేది ఎప్పుడూ పై చిల్లుల వరసకి రెండు వేళ్ళు కిందనే ఆగాలి. చిల్లులు మూసుకుపోతే పొగ తప్ప మంట రాదు.

వెలిగించడానికి కొబ్బరి పీచు, రెండు కర్పూరం బిళ్ళలు చాలు. పెట్రోలు జోలికి అస్సలు వెళ్ళొద్దు. పై వరస బాగా అంటుకునేదాకా ఫ్యాన్ ఆపే ఉంచి, తర్వాత తక్కువలో పెట్టి, మంట చిల్లుల దగ్గర గుండ్రంగా నిలబడ్డాక పెంచుకోండి.

పని చివరికొచ్చేసరికి మంట కురచబడి, నీలంగా అల్లాడుతుంది. అడుగున ఎర్రటి బొగ్గు మిగిలింది, గ్యాస్ అయిపోయింది అని అర్థం. చాలామంది ఇక్కడే ఆరిపోయిందనుకుంటారు. నాకు అన్నిటికన్నా భయం ఈ ఘట్టమంటేనే. బొగ్గు నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు లేవకపోవడానికి కారణం అదే. పొగ లేదు కదా అని ఈ పొయ్యిని గదిలోకి తెచ్చుకోవద్దు, చలికాలమైనా, వాన పడుతున్నా సరే.

ఆ బొగ్గు మీద నేను బెల్లం పాకం వెచ్చగా ఉంచుకుంటాను. పని లేకపోతే ఫ్యాన్ తక్కువలోనే ఉంచి ఎరుపు పూర్తిగా పోనిస్తాను. పోయాక కూడా ఇంకో ఇరవై నిమిషాలు తిరగనిస్తాను. ఆ గాలే వేడిని మోటారు దగ్గరికి, వైర్ల దగ్గరికి పోకుండా కాస్తుంది. తొందరగా వెళ్ళాల్సి వస్తే, గ్యాస్ మంట పోయిన తర్వాతే, బొగ్గుని పట్టకారుతో ఆరుబయట మూతున్న ఇనప డబ్బాలోకి తీసి, ఖాళీ పొయ్యికి గాలి పెట్టండి. నీళ్ళు మాత్రం పొయ్యొద్దు. ఆవిరి మొహానికి కొడుతుంది, లోపలి గిన్నె వంకరపోతుంది.

అమెరికాలో ఇల్లు వెచ్చగా ఉంచే పెల్లెట్ స్టవ్‌లలోనూ ఇదే వరస. తొట్టిలోంచి స్క్రూలా తిరిగే ఒక మరచుట్టు గుళికల్ని కొంచెం కొంచెంగా నిప్పు గిన్నెలోకి తోస్తుంటుంది. ఆఫ్ నొక్కితే ముందు ఆ మరచుట్టు ఆగుతుంది. ఫ్యాన్లు మాత్రం గిన్నెలో ఉన్న గుళికలు కాలి, స్టవ్ చల్లబడేదాకా తిరిగి వాటంతటవే ఆగుతాయి. ప్లగ్ పీకేస్తే పొగ ఇంట్లోకి వచ్చే ప్రమాదం అక్కడా ఉంది. మన పొయ్యికి ఆ తెలివి లేదు, మనమే చూసుకోవాలి.

కరెంటు పోతే? నాది 12 వోల్టుల ఫ్యాన్, పక్కనే బ్యాటరీ ఉంచుకుంటాను. బ్యాటరీ లేకుండా పెద్ద ఆర్డరు ఒప్పుకోను. ఫ్యాన్ ఆగి పొగ వస్తుంటే పొయ్యి మీదకి వంగొద్దు. పక్కకి జరిగి, పొడవాటి పుల్ల వెలిగించి పైన పెట్టి, పొగ అంటుకున్నాక ఫ్యాన్ తక్కువలో వెయ్యండి.

పెల్లెట్లకి తడి తగలకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా వీధి మునిగినప్పుడు నాలుగు బస్తాలు నీళ్ళలో ఉండిపోయాయి. నీళ్ళు తీశాక చూస్తే పెల్లెట్లు ఉబ్బి కుట్లు తెంచుకుని, మొత్తం తడి పొట్టయింది. ఏడుపొచ్చింది. పొయ్యి కడుక్కుని, ఫ్యాన్ మార్చుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు బస్తాలు అటక మీదే. అంత వరద అక్కర్లేదు, వానాకాలం నేల చెమ్మకే మెత్తబడతాయి, కనీసం చెక్క మీద పెట్టండి. కొనేటప్పుడు ఒకటి విరిచి చూడండి. పటుక్కున విరగాలి. వంగినా, వేళ్ళ మధ్య పొడయినా తీసుకోవద్దు.

ఖర్చు లెక్క వేసుకునేవాళ్ళకి: కిలో వంటగ్యాస్ ఇచ్చే వేడికి సుమారు మూడు కిలోల పెల్లెట్లు కావాలి. 19 కిలోల సిలిండరంటే 50 కిలోల పైమాటే. మీ ఊరి ధరలతో గుణించుకోండి.

జల్లెడ చిల్లుల్లో గట్టిపడ్డ బూడిదని ఇనప చువ్వతో రోజూ పొడిచి తియ్యండి, లేకపోతే కింది గాలి ఆడదు. తీసిన బూడిదలో పైకి కనపడని నిప్పు రాత్రంతా ఉంటుంది. నేను మూత పెట్టి మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచి, చెయ్యి పెట్టి చూసుకున్నాకే కరివేపాకు మొదట్లో వేస్తాను.