మోడెమ్ కలవడం లేదా? ముందు దాని చప్పుడు వినండి

పాత కంప్యూటర్‌లో డయల్-అప్ (మోడెమ్ అనే పరికరంతో ఫోన్ లైను మీదుగా ఇంటర్నెట్‌కి కలవడం) మొరాయిస్తే చాలామంది చేసే మొదటి పని విండోస్ మళ్లీ ఎక్కించడం. నన్నడిగితే అది చిట్టచివరి పని. తప్పు ఎక్కడుందో మోడెమ్ స్పీకరే చెప్పేస్తుంది. ముందు డయల్ టోన్, తర్వాత అంకెలు నొక్కిన చప్పుడు, అవతల ఎత్తగానే కీచుమనే కూత, ఆపై బరబర, చివరికి నిశ్శబ్దం. ఈ వరుసలో ఎక్కడ ఆగిందో చూడండి. స్పీకర్ మూగగా ఉంటే మోడెమ్ ప్రాపర్టీస్‌లో వాల్యూమ్ పెంచుకోండి.

డయల్ టోన్ లేదంటోంది (ఎర్రర్ 680)

మోడెమ్ వెనక ఒకేలా కనిపించే రెండు రంధ్రాలుంటాయి. గోడ నుంచి వచ్చే వైరు 'లైన్' అని రాసినదాంట్లోకి వెళ్లాలి, 'ఫోన్' అన్నదాంట్లోకి కాదు. ఇది చిన్న విషయమే కానీ ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. వైరు సరిగ్గానే ఉంటే అదే వైరుకు మామూలు ఫోన్ తగిలించి వినండి. టోన్ వినిపించకపోతే తప్పు వైరుదో లైనుదో. టోన్ ఆగి ఆగి వస్తుంటే వాయిస్ మెయిల్‌లో సందేశం ఉండొచ్చు, అలాంటి టోన్‌ని కొన్ని మోడెమ్‌లు గుర్తుపట్టవు. 'డయల్ టోన్ కోసం ఆగు' అన్న చోట టిక్ తీసేయండి, లేదా ఎక్‌స్ట్రా సెట్టింగ్స్‌లో ఎక్స్3 (X3) అనే మోడెమ్ ఆదేశం రాయండి.

మోడెమ్ అసలు పలకదు, లేదా డయల్ చేయగానే మౌస్ బిగుసుకుపోతుంది

కంట్రోల్ ప్యానెల్‌లో మోడెమ్స్ తెరిచి డయాగ్నస్టిక్స్ నడపండి. జవాబులు వస్తే మోడెమ్, డ్రైవరు బతికే ఉన్నాయి. రాకపోతే డ్రైవరు తీసేసి మళ్లీ వేయండి. మౌస్ బిగుసుకుపోవడం మాత్రం వేరే కథ. కామ్1, కామ్3 అనే సీరియల్ పోర్టులు మామూలుగా ఐఆర్‌క్యూ 4ను (ప్రాసెసర్‌ని పిలిచే లైను) పంచుకుంటాయి, కామ్2, కామ్4లు ఐఆర్‌క్యూ 3ను. కామ్1లో సీరియల్ మౌస్ ఉండగా మోడెమ్‌ను కామ్3లో పెడితే రెండూ కొట్టుకుంటాయి. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల తెర) మదర్‌బోర్డు కామ్2ను ఆపేసి, మోడెమ్‌ను అక్కడికి మార్చితే గొడవ తీరుతుంది.

మోగుతుంది, కానీ లోపలికి రానివ్వదు

676 అంటే అవతల లైను బిజీ, 678 అంటే అటునుంచి జవాబు లేదు. నంబరు మరోసారి సరిచూసుకుని ఇంకోసారి ప్రయత్నించండి. 691 అయితే పేరో పాస్‌వర్డో తప్పు. ముందు క్యాప్స్ లాక్ చూడండి.

కలుస్తుంది, కాసేపటికే తెగిపోతుంది, లేదా నత్తనడక నడుస్తుంది

అసలు తలనొప్పి ఇదే. 1998లో వచ్చిన వి.90 ప్రమాణం 56 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) అని చెప్పుకున్నా, అది దిగుమతి వైపు పైహద్దు మాత్రమే. పంపడం 33.6కి మించదు. దిగుమతిలో 44 నుంచి 50 మధ్య కలిస్తే సంతోషించాలి. 115200 (సెకనుకు బిట్లు) అని కనిపిస్తే పొంగిపోకండి, అది కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య ఉన్న వేగం. చాలా మోడెమ్‌లలో ఎక్‌స్ట్రా సెట్టింగ్స్‌లో డబ్ల్యూ2 (W2) ఆదేశం పెడితే అసలు లైను వేగం కనిపిస్తుంది.

తెగిపోవడానికి ఎక్కువగా లైనులోని గరగరే కారణం. ఇంట్లోని మిగతా ఫోన్లు, స్ప్లిటర్లు, ఫ్యాక్స్ అన్నీ ఊడదీసి, పొట్టి వైరుతో మోడెమ్ ఒక్కటే పెట్టి చూడండి. మెరుగైతే ఒక్కొక్కటే మళ్లీ తగిలిస్తూ పోండి, దొంగ దొరుకుతాడు. ఎవరైనా మరో గదిలో ఫోన్ ఎత్తితే కూడా పోతుంది, దానికి మందు ఇంట్లోవాళ్లకు చెప్పుకోవడమే.

కాల్ వెయిటింగ్ బీప్‌తో తెగుతుంటే దాన్ని ఆపే కోడ్‌ను డయలింగ్ ప్రాపర్టీస్‌లో పెట్టండి. లేదంటే ఎక్‌స్ట్రా సెట్టింగ్స్‌లో ఎస్10=50 (S10=50) రాయండి. అప్పుడు సిగ్నల్ పోయినా మోడెమ్ 5 సెకన్లు ఓపిక పడుతుంది. ఇవేవీ పనిచేయకపోతే పై వేగాన్ని 33.6కి కుదించండి. తెగకుండా నడిచే 33.6, పదే పదే తెగే 50 కన్నా వెయ్యి రెట్లు నయం.

ఉరుముల వాన తర్వాత మోడెమ్ నోరు మెదపకపోతే ఆశ వదులుకోండి. ఫోన్ లైను మీదుగా వచ్చిన పిడుగు దెబ్బకు అది మాడిపోయే ఉంటుంది. మళ్లీ కొనేటప్పుడు బయట పెట్టుకునే సీరియల్ మోడెమ్ తీసుకోండి. లోపలి విన్‌మోడెమ్‌లు పనంతా ప్రాసెసర్ మీద రుద్దుతాయి. పైగా బయటి దానికి లైట్లుంటాయి, వాటిని చూసే సగం రోగం కనిపెట్టొచ్చు.