బ్యాక్ స్క్వాట్: తప్పు కింద కనిపిస్తుంది, మొదలయ్యేది పైన

బ్యాక్ స్క్వాట్ అంటే బరువులు తగిలించిన ఇనుప కడ్డీని (బార్) వీపు మీద మోస్తూ కిందికి కూర్చుని లేవడం. కిందికి దిగాక నడుము వంగిపోతోందనో, మోకాళ్లు లోపలికి పడుతున్నాయనో చాలామంది ఆ కింది క్షణాన్నే సరిచేయాలని చూస్తారు. కానీ అలాంటి తప్పులు చాలావరకు దిగడం మొదలవక ముందే ఖాయమైపోతాయి. బార్ వీపు మీద ఎక్కడ కూర్చుంది, ఊపిరి ఎలా పట్టారు, పాదం నేల మీద ఎలా ఆనింది అనే మూడూ ముందు కుదరాలి. ఇవి కుదిరితే మిగతా పని సగం తేలికైపోతుంది.

ముందు ర్యాక్, అంటే బార్‌ని హుక్కుల మీద ఆనించి ఉంచే స్టాండ్ సంగతి. హుక్కుల్లో బార్ మీ ఛాతీ మధ్యకి, అంటే చంకల కంటే కాస్త కిందికి ఉండాలి. మునివేళ్ల మీద లేస్తే తప్ప బార్ రావడం లేదంటే ఎత్తు ఎక్కువైనట్టే. తీసేటప్పుడు ఎలాగో నెట్టుకొచ్చినా, కాళ్లు అలిసిపోయాక తిరిగి పెట్టేటప్పుడు హుక్కు అందదు. లేవలేకపోతే బార్‌ని ఆపే అడ్డ కడ్డీలను, అంటే సేఫ్టీ బార్‌లను, మీరు పూర్తిగా దిగినప్పుడు బార్ ఉండే ఎత్తుకి కొంచెం కింద పెట్టండి. ఆ ఎత్తు ఊహించుకోవద్దు, ఖాళీ బార్‌తో ఒకసారి దిగి చూసుకోండి.

ఇక బార్ ఎక్కడ పెట్టాలి? తల కాస్త వంచి మెడ వెనక భాగం తడిమితే, కింది చివర ఒక ఎముక పొడుచుకొచ్చినట్టు వేలికి తగులుతుంది. బార్ దాని మీద ఆనకూడదు. భుజం రెక్కలు రెండూ వెనక్కి దగ్గరగా లాగితే ఆ ఎముకకి కింద కండ మెత్తలా ఉబ్బుతుంది. హై బార్ పద్ధతిలో బార్ కూర్చునేది ఆ మెత్త మీదే. లో బార్‌లో ఇంకో రెండు అంగుళాలు కిందికి, భుజం రెక్క ఎముక మీద గట్టులా తగిలే చోట పెడతారు. హై బార్‌లో ఛాతీ నిటారుగా ఉంటుంది, మోకాళ్లు ఎక్కువ ముందుకి వెళ్తాయి. లో బార్‌లో ఒళ్లు ముందుకి వాలుతుంది, పని తుంటి మీదికి ఎక్కువ మళ్లుతుంది. రెండూ సరైన పద్ధతులే. ఒకదాన్ని ఎంచుకుని కొన్ని నెలలు దాన్నే చేయండి. కొత్తవాళ్లకి హై బార్ నేర్చుకోవడం సులువు.

బార్‌కి స్పాంజ్ చుట్టడం మంచి అలవాటు కాదు. అది బార్‌ని వీపు నుంచి ఎత్తి దొర్లేలా చేస్తుంది. మెడ నొప్పి పుడుతోందంటే సాధారణంగా బార్ పైకి ఉందని, భుజం రెక్కలు బిగించలేదని అర్థం. చేతులు భుజాలు ఒప్పుకున్నంత దగ్గరగా పట్టుకోండి, మణికట్టు వెనక్కి మడత పడకూడదు. బరువు మోసేది వీపు, చేతులు బార్ జారకుండా చూస్తాయంతే. మోచేతుల్లో నొప్పి వస్తే పట్టు కొంచెం వెడల్పు చేయండి.

బార్‌ని వీపు మీదికి తీసుకోవడానికి మీరు దాని కింద దూరేటప్పుడు రెండు పాదాలూ బార్‌కి సరిగ్గా కింద ఉండాలి. ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి బార్ లేపితే నడుము మెలిపడుతుంది. నిలువుగా లేపి, మూడు చిన్న అడుగుల్లో వెనక్కి రండి: ఒక కాలు, రెండో కాలు, మూడో అడుగుతో సర్దుబాటు. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు 15 నుంచి 30 డిగ్రీలు బయటికి తిరిగి ఉంటే చాలామందికి సరిపోతుంది. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ మూడూ సమానంగా నేలని నొక్కుతుండాలి. మెత్తటి రన్నింగ్ బూట్లతో ఇది కుదరదు, బరువుకి అడుగు నలిగి పాదం ఊగుతుంది. గట్టి అడుగున్న బూట్లు వాడండి.

ఊపిరి విషయంలో తొందర వద్దు. బార్ లేకుండా ముందు సాధన చేయండి. కింది పక్కటెముకలకీ తుంటి ఎముకకీ మధ్యనున్న మెత్తటి చోట రెండు పక్కలా వేళ్లు పెట్టుకుని, పీల్చిన గాలితో ఆ వేళ్లని బయటికి తోయండి. ఛాతీ, భుజాలు పైకి లేచాయంటే గాలి పైపైనే ఆగిపోయినట్టు. ఇప్పుడు దగ్గబోతున్నట్టు పొట్ట బిగించండి. వేళ్ల కింద చుట్టూ పీపాలా గట్టిపడాలి. బార్ కింద ప్రతి రెప్‌కీ (ఒకసారి దిగి లేవడం) ముందు ఇదే చేసి, ఊపిరి పట్టి దిగి, లేచేటప్పుడు కష్టమైన చోటు దాటాకే వదలండి. కింద ఉండగానే గాలి వదిలేస్తే బిగువు సడలి వెన్ను వంగుతుంది. రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా లాంటివి ఉన్నవాళ్లు ఇలా ఊపిరి బిగబట్టే ముందు డాక్టర్‌ని అడగాలి.

దిగేటప్పుడు తుంటి, మోకాళ్లు ఒకేసారి మడవండి. మోకాళ్లు పాదాల వేళ్ల దిశలోనే సాగాలి. మోకాలు వేళ్లని దాటకూడదన్న మాట పట్టుకుని ఇబ్బంది పడకండి. తొడ ఎముక పొడుగ్గా ఉన్నవాళ్లకి దాటక తప్పదు. చూడాల్సింది ఒక్కటే: పక్కనుంచి చూస్తే బార్ పాదం మధ్యకి సరిగ్గా పైనే ఉంటూ నిలువు గీతలా కదలాలి. తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి వెళ్లడం పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో కొలత. నడుము ఆకారం చెడకుండా అక్కడిదాకా రాలేకపోతే, ప్రస్తుతానికి చెడని చోటే ఆగండి. లేచేటప్పుడు నేలని కిందికి తోస్తూ, వీపుతో బార్‌ని పైకి నొక్కండి.

మడమలు లేస్తున్నాయా? మడమల కింద 2.5 కిలోల ప్లేట్లు పెట్టి ఖాళీ బార్‌తో చేసి చూడండి. సమస్య పోతే చీలమండ బిగుసుకున్నట్టు. పిక్కల సాగదీత చేస్తూ, ఈలోగా మడమ ఎత్తున్న లిఫ్టింగ్ బూట్లు వాడవచ్చు. పోకపోతే మీరే బరువుని వేళ్ల మీదికి తోస్తున్నారు.

మోకాళ్లు లోపలికి పడితే పాదం అంచు చూడండి, చాలాసార్లు బొటనవేలి వైపు పాదం కుంగి ఉంటుంది. పాదం సరిచేసి, మోకాళ్లని చిటికెనవేలి వైపు తోయండి. అప్పటికీ పడుతుంటే బరువు తగ్గించండి.

తుంటి ముందు లేచి ఛాతీ కిందే ఉండిపోవడం మరో సాధారణ తప్పు. ఇలా లేస్తే భారమంతా నడుము మీదికి వస్తుంది. దీనికి మంచి మందు పాజ్ స్క్వాట్: మామూలు బరువులో 60–70 శాతంతో, కింద 2 సెకన్లు బిగువు వదలకుండా ఆగి లేవండి, 3 రెప్‌ల చొప్పున 4 సెట్లు (విడతలు). అట్టడుగున నడుము గుండ్రంగా మడత పడితే పాదాల ఎడం, వేళ్ల తిరుగుడు కొంచెం మార్చి చూసి, మడత పడే చోటికి పైనే ఆగడం నేర్చుకోండి.

తప్పు ఏదో తేల్చుకోవడానికి ఫోన్‌ని పక్కగా, తుంటి ఎత్తులో పెట్టి వీడియో తీయండి. అద్దం వైపు తల తిప్పి చూసుకుంటే మెడతో పాటు ఒళ్లూ మెలిపడుతుంది. 60 కిలోలతో 5 రెప్‌ల చొప్పున 3 సెట్లు చేయాలంటే, ముందు 20 కిలోల ఖాళీ బార్‌తో 8, 40తో 5, 50తో 3 రెప్‌లు చేసి ఎక్కండి. ఆ 3 సెట్లూ ఆకారం చెడకుండా పూర్తయితేనే తర్వాతి సారి 2.5 కిలోలు కలపండి. వరసగా రెండుసార్లు చెడితే 10 శాతం తగ్గించండి.

లేవలేకపోతే ముందుకి వంగి పోరాడొద్దు. ఛాతీ ఎత్తి ఉంచి నెమ్మదిగా దిగి, బార్‌ని సేఫ్టీ బార్‌ల మీద వదిలి, కింది నుంచి ముందుకి బయటపడండి. ఈ పని కూడా ఖాళీ బార్‌తో రెండు మూడుసార్లు చేసి పెట్టుకోవాలి, బరువు మీద ఉన్నప్పుడు కొత్తగా నేర్చుకోలేరు.