ఇల్లు కొనేముందు లెక్క – మూడో పాఠం: రెండు ఏరియాల ధర, పన్ను ఒకే కొలతకు తేవడం

మొదటి పాఠంలో కొలతలు నేర్చుకున్నాం: గజం అంటే 9 చదరపు అడుగులు, గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు. రెండో పాఠంలో దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు చదివాం. ఈ పాఠానికి కాగితం, పెన్ను, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. రెండు వేర్వేరు చోట్ల ఉన్న ఇళ్లను పక్కపక్కన పెట్టి ఏది ఎంత పడుతుందో తేల్చడమే ఇవాళ్టి పని.

వరంగల్, హన్మకొండ, కాజీపేట ఒకే కార్పొరేషన్ కింద ఉన్నా గజం రేటు వీధి వీధికీ మారుతుంది. 2013లో చుట్టుపక్కల 42 ఊళ్లు నగరంలో కలిశాయి. కాబట్టి కార్పొరేషన్ హద్దు లోపలే ఒకవైపు సుబేదారి, నక్కలగుట్ట లాంటి పాత కాలనీలు ఉంటే, ఇంకోవైపు నిన్నమొన్నటి దాకా పత్తి చేలుగా ఉన్న వెంచర్లున్నాయి. హద్దు దాటితే గ్రామ పంచాయతీ. "అక్కడ గజం అరవై వేలట, ఇక్కడ నలభైకే వస్తోంది" అని పోల్చడం మొదలుపెట్టామంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది. ఆ రెండు అంకెల్లో ఏమేం కలిసి ఉన్నాయో ముందు విడదీయాలి.

ఏ రేటు తీసుకోవాలి

ప్రతి ఇంటికీ మూడు రేట్లుంటాయి. అమ్మేవాళ్లు చెప్పే రేటు, బేరం తెగిన రేటు, సర్కారు విలువ. చెప్పే రేటు చాలామందికి తెలుస్తుంది. సర్కారు విలువ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో వార్డు, బ్లాకు లేదా సర్వే నంబరు కొడితే వస్తుంది. తెగిన రేటు పట్టుకోవడమే కష్టం.

దానికి ఉన్నవాటిలో మంచి దారి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన పత్రాల జాబితా. మీరు చూస్తున్న ఇంటికి ఒక్కదానికే కాకుండా అదే వీధిలో ఈమధ్య చేతులు మారిన రెండు మూడు ఇళ్లకూ ఈసీ తీయండి. అందులో పత్రం రకం ఉండే గడిలోనే రెండు అంకెలుంటాయి: మార్కెట్ విలువ అని ఒకటి, ప్రతిఫలం అని ఇంకొకటి. మొదటిది ఆనాటి సర్కారు లెక్క. రెండోది కొన్నవాళ్లు పత్రంలో రాయించిన ధర. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే ఆ అంకె నిజంగా చేతులు మారిన సొమ్ము కాకపోవచ్చు, సర్కారు విలువకే రాయించి ఉంటారు. ప్రతిఫలం మార్కెట్ విలువకంటే బాగా ఎక్కువగా ఉంటే, ముఖ్యంగా బ్యాంకు లోనుతో కొన్న ఇల్లయితే, ఆ అంకెను నమ్మవచ్చు. లోను ఉన్నట్టు అదే ఈసీలో తర్వాతి వరుసలో తనఖా పత్రం కనిపిస్తుంది. ఆ జంట కనబడితే ఆ వీధికి అదే మీ ఆధారం.

బ్యాంకుల వేలం ప్రకటనల్లో రిజర్వు ధర, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ప్లాట్ల వేలంలో పలికిన ధర కూడా పనికొస్తాయి. బ్యాంకు రిజర్వు ధర సాధారణంగా బజారు ధరకంటే తక్కువే, అది కిందిహద్దు అనుకోండి. మధ్యవర్తి చెప్పిన రేటును మాత్రం రెండో మధ్యవర్తి దగ్గర అమ్మేవాడిలా అడిగి చూడండి. కొనేవాడికి చెప్పే రేటుకూ అమ్మేవాడికి చెప్పే రేటుకూ ఉన్న తేడాలోనే అసలు బేరం ఉంటుంది.

ఇంటిని తీసి నేలను చూడడం

ఇప్పుడు రెండు ఇళ్లు తీసుకుందాం. అంకెలు పాఠం కోసం వేసుకున్నవి, మీ లెక్కలో మీవి పెట్టుకోండి.

ఇల్లు 'అ': హన్మకొండలో పాత కాలనీ. 30 × 45 అడుగుల స్థలం, అంటే 150 గజాలు. 1,200 చదరపు అడుగుల ఇల్లు, వయసు 20 ఏళ్లు. చెప్పే ధర 90 లక్షలు.

ఇల్లు 'ఆ': మడికొండ అవతలి కొత్త వెంచర్. 40 × 45 అడుగులు, 200 గజాలు. 1,500 చదరపు అడుగుల కొత్త ఇల్లు. 85 లక్షలు.

నేరుగా భాగిస్తే 'అ' గజం 60,000, 'ఆ' 42,500. తేడా 17,500. ఇక్కడే ఆగిపోతే కొత్త ఇంటి గోడల ఖర్చును నేల ధరగా లెక్కేసినట్టవుతుంది. కట్టుబడి ఖర్చు విడదీయాలి. చదరపు అడుగుకు 1,800 అనుకుందాం (ఇద్దరు మేస్త్రీలను అడిగి, సామాను సహా చెప్పించుకున్న రేటే వాడండి, కూలి రేటు ఒక్కటి కాదు). 'ఆ' కట్టడం 27 లక్షలు. మిగిలిన 58 లక్షలను 200తో భాగిస్తే నేల గజం 29,000.

'అ' కట్టడం కొత్తగా అయితే 21 లక్షల 60 వేలు. స్లాబు ఇంటికి 60 ఏళ్ల ఆయుష్షు పెట్టుకుంటే 20 ఏళ్లకు మూడోవంతు పోయింది, 14 లక్షల 40 వేలు మిగిలింది. 90 నుంచి అది తీస్తే 75 లక్షల 60 వేలు. 150తో భాగిస్తే గజం 50,400. అంటే అసలు తేడా 17,500 కాదు, 21,400.

ఇంకో మెట్టుంది, చాలామంది దాటేసేది. 'అ' ముందున్న రోడ్డు టేపుతో కొలవండి. 20 అడుగులే ఉండి, అది 30 అడుగులు కావాల్సి ఉంటే రెండు వైపులా 5 అడుగుల చొప్పున పోతుంది. ఇల్లు పడగొట్టి కొత్త ప్లాను పెట్టిన రోజు ఆ భాగం వదలాలి. ముందువైపు 30 అడుగులున్న స్థలంలో 5 అడుగులు పోతే 150 చదరపు అడుగులు, దాదాపు 16.7 గజాలు. మిగిలే నేల 133.3 గజాలే. 75 లక్షల 60 వేలను దానితో భాగిస్తే గజం 56,700. కరీమాబాద్, రంగశాయిపేట వైపు పాత గల్లీల్లో ఈ కొలత వేయకుండా బయానా ఇవ్వొద్దు.

ముఖం ఎటన్నదీ ధరలో ఉంటుంది. తూర్పు ముఖం ఇంటిని పడమర ముఖం ఇంటితో పోల్చి "ఏరియా తేడా" అనుకోవడం తప్పు. వీలైనంతవరకు ఒకే ముఖం, దాదాపు ఒకే వెడల్పు రోడ్డు ఉన్న ఇళ్లనే జత చేయండి. మూల ప్లాటును మామూలు ప్లాటుతో జత చేయొద్దు.

పన్ను: రసీదు మీద ఏం చూడాలి

నగరపాలక పరిధిలో ఇంటి పన్నుకు పునాది ఆ ఇంటికి రాగల అద్దె. అది ఏ జోన్, ఏ రకం కట్టడం, నివాసమా వ్యాపారమా, ప్లింత్ ఏరియా (కట్టడం వైశాల్యం) ఎంత, ఇంటి వయసెంత అన్నవాటి మీద తేలుతుంది. వచ్చిన పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పడుతుంది.

రెండు రసీదులు పోల్చేటప్పుడు ఎక్కువమంది బోల్తాపడేది అర్ధ సంవత్సరం దగ్గర. పన్ను ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి అని రెండు భాగాలుగా పడుతుంది. ఒకరు ఏడాదికి కట్టాల్సింది చెప్పే డిమాండ్ నోటీసు చూపిస్తారు, ఇంకొకరు ఆరునెలల రసీదు చూపిస్తారు. మన ఉదాహరణలో 'అ' నోటీసు ఏడాదికి 4,860. 'ఆ' ఓనరు చూపించిన రసీదు 1,890. చూడగానే సగంకంటే తక్కువ అనిపిస్తుంది. తేదీలు చూస్తే అది ఆరునెలలది, ఏడాదికి 3,780.

ఇప్పుడు సెస్సు తీయండి: 1.08తో భాగిస్తే 4,500, 3,500. తర్వాత చదరపు అడుగులను 10.764తో భాగించి చదరపు మీటర్లు చేయండి: 111.5, 139.4. ఏడాదికి చదరపు మీటరుకు 'అ' 40.4 రూపాయలు, 'ఆ' 25.1 రూపాయలు. ఈ అంకెలు మాత్రమే పక్కపక్కన పెట్టదగ్గవి.

కట్టిన రసీదు కాకుండా డిమాండ్ నోటీసు అంకె తీసుకోండి. ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోపు కట్టినవారికి 5 శాతం రాయితీ ఉంటుంది, ఆ రసీదు తక్కువ చూపిస్తుంది. బకాయితో కట్టిన రసీదులో నెలకు 2 శాతం వడ్డీ కలిసి ఎక్కువ చూపిస్తుంది. 75 గజాల లోపు స్థలంలో నేల అంతస్తు, పైన ఒకటి వరకు ఉన్న ఇంటికి 2019 మున్సిపల్ చట్టం కింద ఏడాదికి 100 రూపాయలే పన్ను కాబట్టి అలాంటి ఇంటిని నమూనాగా పెట్టుకోవద్దు. పంచాయతీ రసీదయితే ఇంటి పన్నుతోపాటు నీరు, వీధిదీపాలు, మోరీల పద్దులు ఒకే కాగితం మీద ఉంటాయి. ఇంటి పన్ను వరుస ఒక్కటే తీసుకోండి. నగరంలో నల్లా బిల్లు వేరుగా వస్తుందని గుర్తుంచుకోండి.

ఇంతా చేస్తే తేలేదేమిటి? తేడా చదరపు మీటరుకు 15.3 రూపాయలు. 'అ' అంత ఇంటికి ఏడాదికి 1,706 రూపాయలు. పదేళ్లకు పదిహేడు వేలు. నేల ధర తేడా, రోడ్డు సంగతి పక్కనపెట్టి, 150 గజాలకు 32 లక్షల పైచిలుకు. "అక్కడ పన్ను తక్కువ" అన్న ఒక్క మాట మీద ఊరి అంచున కొనడం ఈ లెక్క ముందు నిలవదు. పైగా పంచాయతీ రేపు కార్పొరేషన్‌లో కలిస్తే ఆ తక్కువ పన్ను అలాగే ఉండదు.

మరి పన్ను కాగితం ఎందుకు అడగాలి? అది ఇంటి గుట్టు చెబుతుంది కాబట్టి. నోటీసులో ప్లింత్ ఏరియా చూసి ఇల్లు టేపుతో కొలవండి. కాగితంలో 90 చదరపు మీటర్లుండి ఇల్లు 140 ఉంటే పై గదులు లెక్కలోకి ఎక్కలేదు. తిరిగి కొలిచినప్పుడు పెరిగే పన్ను మీ నెత్తిన పడుతుంది. కింద షట్టర్లు అద్దెకిచ్చి కాగితంలో నివాసం అని ఉంటే అదీ అంతే. చదరపు మీటరు పన్ను పక్కింటికంటే బాగా ఎక్కువగా కనిపిస్తే అనధికార నిర్మాణ జరిమానా గడి చూడండి. అనుమతి లేని ఇంటికి ఆ జరిమానాతో పన్ను రెట్టింపు దాకా పోతుంది. ప్లాను లేని ఇల్లని అమ్మేవాళ్లు చెప్పకపోయినా నోటీసు చెబుతుంది. బకాయి ఉంటే బయానా రాసుకునేటప్పుడే ఎవరు కట్టాలో రాయించండి, బకాయి ఇంటి వెంటే వస్తుంది. ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి: పన్ను రసీదు మీద పేరున్నంత మాత్రాన ఇల్లు వాళ్లదని కాదు. ఆ రసీదు పన్ను కట్టినట్టు మాత్రమే రుజువు.

ఒక్కసారి పడే ఖర్చులు

2021 జూలై 22 నుంచి రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం: స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. సర్కారు విలువ, పత్రంలో రాసిన ధర, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద. 'అ'కు 6 లక్షల 75 వేలు, 'ఆ'కు 6 లక్షల 37 వేల 500. కొనే రోజుకు రేట్లు మళ్లీ చూసుకోండి. ధర 50 లక్షలు, అంతకుమించి ఉంటే 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) అమ్మేవారి సొమ్ములోంచి పట్టుకుని మీరే కట్టాలి. అది అదనపు ఖర్చు కాదుగానీ మరిచిపోతే నోటీసు వచ్చేది మీకే.

అనుమతి లేని లేఅవుట్‌లో ఖాళీ ప్లాటయితే ఎల్‌ఆర్‌ఎస్ (అలాంటి ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) ఖర్చు కలపాలి. లేఅవుట్‌లో అందరి కోసం ఖాళీ జాగా వదలనందుకు ప్లాటు విలువ మీద 14 శాతం, ఆపై క్రమబద్ధీకరణ రుసుము. గజం సర్కారు విలువ 6,000 అనుకుంటే 200 గజాలకు 12 లక్షలు, 14 శాతమే 1 లక్షా 68 వేలు. గజానికి 840 రూపాయలు ధరలో కలిపాకే పక్క వెంచర్‌తో పోల్చండి.

లెక్కలోకి రాని ఖర్చు నీళ్లది. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వానలకు నయీంనగర్ నాలా వెంట, హంటర్ రోడ్డు వైపు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. తక్కువ రేటు చెబుతున్న ఇంటికి వెళ్తే లోపలి గోడ అడుగున ఉబ్బిన సున్నం, కొత్తగా వేసిన రంగు పట్టీ, పక్కింటివాళ్లు గడప ఎత్తించుకున్న తీరు చూడండి. నీళ్లు ఎంతదాకా వచ్చాయో పక్కింట్లో అడగండి. ఇల్లు అమ్మేది వాళ్లు కాదు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతారు.

సాధన

కాజీపేట వైపు ఒక గుంట స్థలం. 900 చదరపు అడుగుల ఇల్లు, వయసు 30 ఏళ్లు. చెప్పే ధర 60 లక్షలు. కట్టుబడి 1,800. చూపించిన ఆరునెలల పన్ను, సెస్సుతో కలిపి 1,620. నేల గజం ఎంత, చదరపు మీటరు పన్ను ఎంత? జవాబు కిందికి వెళ్లేముందు కాగితం మీద చేయండి.

కట్టడం 16 లక్షల 20 వేలు, సగం ఆయుష్షు పోయి 8 లక్షల 10 వేలు. నేల 51 లక్షల 90 వేలు, 121తో భాగిస్తే గజం 42,893. ఏడాది పన్ను 3,240, సెస్సు తీస్తే 3,000. 83.6 చదరపు మీటర్లకు మీటరుకు 35.9 రూపాయలు. మీకు 17.9 వచ్చిందంటే ఆరునెలల అంకెను ఏడాదిది అనుకున్నారు. గజం 49,587 వచ్చిందంటే ఇంటిని తీయడం మరిచారు.

నాలుగో పాఠంలో ఫ్లాట్లు: అవిభాజ్య వాటా గజాల్లోకి మార్చడం, సూపర్ బిల్టప్ లోంచి కార్పెట్ ఏరియా తీయడం. ఒక ఫ్లాటు అమ్మకపు పత్రం జిరాక్సు దగ్గర పెట్టుకుని రండి.