పొగమంచులో కాలువ గట్టు రోడ్డు మీద కారు నడపడం ఎలా?

ధనుర్మాసం వచ్చేసరికి గోదావరి డెల్టాలో తెల్లవారుజామున పొగమంచు దిగడం మామూలే. ఏటా వచ్చేదే అయినా ఏటా అదే కంగారు. ముందు ఏమీ కనిపించడం లేదని హై బీమ్ వేసేవారు కొందరు. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వెలిగించేవారు కొందరు. గుండె జారగానే రోడ్డు నడిమధ్యలో బ్రేకు వేసి నిలబడిపోయేవారు ఇంకొందరు. రైళ్లకూ విమానాలకూ మనుషులను చేర్చడం నా పని కాబట్టి చలికాలమంతా ఆ వేళకు నేను రోడ్డు మీదే ఉంటాను. రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లినా, పాలకొల్లు నుంచి భీమవరం వెళ్లినా, ఉండి నుంచి ఆకివీడు వెళ్లినా ఇదే వరస. పొగమంచులో కారు నడపడం ఒక్క సందర్భంలో తప్ప పెద్ద కష్టమేమీ కాదు. ఆ ఒక్క సందర్భం గురించి వివరంగా చెబుతాను. మిగతావి గబగబా ముగిస్తాను.

ముందు గడియారం చూడండి

ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడని రాత్రి నేల తన వేడిని త్వరగా వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడుతుంది, అందులోని తేమ సన్నటి నీటి బిందువులై అక్కడే నిలిచిపోతుంది. కాలువలు, చేపల చెరువులు, దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీరు పెట్టిన చేలు ఉన్న చోట తేమకు కొదువ ఏముంటుంది? అర్ధరాత్రి దాటాక మొదలయ్యే ఈ మంచు సూర్యోదయానికి కాస్త ముందూ వెనుకా అతి దట్టంగా ఉంటుంది. తెల్లారితే పలచబడుతుందని చాలామంది నమ్ముతారు. పొద్దు పొడిచాక కాసేపు ఇంకా చిక్కబడడం కూడా ఉంది. ఎండ నేలను వేడెక్కించాక, సాధారణంగా ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య విడుతుంది.

కాబట్టి తప్పనిసరి కాని ప్రయాణాన్ని రెండు గంటలు వెనక్కి జరపండి. మానుకోవాల్సిన పని లేదు. మంచు పడిందని పరీక్షకు వెళ్లనివారిని, ఆసుపత్రి పని మరో వారానికి వాయిదా వేసుకున్నవారిని చూశాను. అంత భయం అనవసరం.

హైదరాబాదు నుంచి పండగకు సొంత కారులో వచ్చేవారికి ప్రత్యేకంగా ఒక మాట. భీమవరానికి సుమారు 400 కిలోమీటర్లు. రాత్రి తొమ్మిదికో పదికో బయలుదేరి, సరిగ్గా అయిదు, ఆరు గంటల మధ్య, నిద్ర కళ్లతో, ఏడాదికోసారి చూసే గట్టు రోడ్డు ఎక్కుతారు. ఇంతకంటే చెడ్డ వేళ లేదు. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో పెట్రోలు బంకు ఆవరణలో ఆపి, ఇంజను కట్టేసి, అద్దాలు కొద్దిగా దించి గంటన్నర నిద్రపోండి. ఇంటి దగ్గర ఎదురుచూసేవారికి ముందే ఫోను చేసి చెప్పండి. లేకపోతే అయిదు నిమిషాలకోసారి వారు చేసే ఫోనే మిమ్మల్ని తొందరపెడుతుంది. భోగి నాడు మరీ జాగ్రత్తగా ఉండాలి. కూడళ్లలో వేసిన మంటల పొగ పైకి పోకుండా మంచుతో కలిసి రోడ్డు మీదే పరుచుకుంటుంది.

బండి సిద్ధం చేయడం

రెండు నిమిషాల పని. ముందు అద్దాన్ని లోపలా బయటా తుడవండి. పాత వార్తాపత్రిక కాగితం తడిపి తుడవాలి, జిడ్డు గుడ్డ పనికిరాదు. వెనుక లైట్లు వెలుగుతున్నాయో లేదో దిగి చూడండి. టార్చిలైటు పెట్టుకోండి. అంతే.

దారిలో అద్దం మసకబారితే అది లోపలి వైపో బయటి వైపో వేలితో తాకి తెలుసుకోండి. లోపల పట్టేది మన ఊపిరిలోని ఆవిరి. ఏసీ వేసి, గాలిని ముందు అద్దం మీదికి తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెడితే కాసేపటికే పోతుంది. బయట పడితే అద్దం మరీ చల్లబడిందని అర్థం. అప్పుడు ఏసీ చల్లదనం తగ్గించి వైపర్ తిప్పాలి. ఈ తేడా తెలియక ఏసీ ఇంకా పెంచి, ఒక చేత్తో అద్దం తుడుస్తూ మరో చేత్తో స్టీరింగు పట్టుకునేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎడమ అద్దం నాలుగు వేళ్లు దించి ఉంచండి. పాటలు ఆపేయండి. మంచులో కంటికి అందనిది చెవికి అందుతుంది. నా కారులో ఇది నియమం, ఎంత పెద్దవారు కూర్చున్నా సరే.

లైట్లు

లో బీమ్ మాత్రమే. ఫాగ్ ల్యాంపులు ఉంటే అవి కూడా. హై బీమ్ వేస్తే ఆ వెలుగు నీటి బిందువులకు తగిలి చెదిరి మీ కళ్లలోకే తిరిగి వస్తుంది, ముందు తెల్లటి గోడ నిలబడుతుంది. లైట్లకు పసుపు కాగితం అంటించుకుంటే మంచును చీల్చుకుపోతుందని కొందరు డబ్బు ఖర్చు పెడతారు. పొగమంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి కాబట్టి అవి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. లైటు కిందుగా ఉండి, వెలుగు రోడ్డు మీదికి వాలడమే ముఖ్యం. కొత్త కార్లలో పగటి లైట్లు వాటంతట అవే వెలుగుతుంటే వెనుక కూడా వెలిగాయనుకోవద్దు. చాలా బండ్లలో వెలగవు. లో బీమ్ స్విచ్ వేస్తే వెనుక ఎర్ర దీపాలు కూడా వస్తాయి.

నాలుగు ఇండికేటర్లు ఆగిన బండికి గుర్తు. నడుస్తూ వాటిని వేస్తే మీరు ఆగారో కదులుతున్నారో వెనుకవారికి అర్థం కాదు. పైగా చాలా కార్లలో అవి వెలుగుతున్నప్పుడు మీరు ఎటు తిరగబోతున్నారో చూపించే దారే ఉండదు.

వేగం

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 మీటర్లు పోతాం. కాలు బ్రేకు మీదికి చేరే ఒకటిన్నర సెకను కలిపితే, మంచుకు తడిసిన రోడ్డు మీద బండి ఆగేసరికి దాదాపు 30 మీటర్లు. 60లో 50 మీటర్లు దాటుతుంది. 80లో దాదాపు 80. కరెంటు స్తంభాల మధ్య దూరం చాలాచోట్ల సుమారు 50 మీటర్లు ఉంటుంది, దాన్ని కొలతగా పెట్టుకోండి. తర్వాతి స్తంభం కనిపించకపోతే 40 కూడా ఎక్కువే. ఇరుకు రోడ్డులో ఎదుటి బండికీ ఆగే చోటు కావాలి కాబట్టి, మీకు కనిపించే దూరంలో సగంలోనే ఆగగలిగేలా నడపాలి.

ఊళ్లోకి రాగానే మంచు పలచబడుతుంది, ఊరు దాటి చెరువుల మధ్యకు వెళ్లగానే మళ్లీ కమ్ముకుంటుంది. ఊళ్లో దొరికిన ఆ కాస్త వెలుగులో వేగం పెంచేవారే శివారులో దెబ్బతింటారు.

మన పిల్లలు అమెరికాలో అసలైన మంచు మీద, గడ్డకట్టిన రోడ్ల మీద రోజూ ఉద్యోగాలకు వెళ్లివస్తున్నారు. అక్కడ రోడ్డు మీద ఉప్పు చల్లుతారు, మంచును తీసేసే బండ్లు తిరుగుతాయి. అయినా వారిని కాపాడేది నెమ్మదిగా వెళ్లడం, దూరం పాటించడం, బ్రేకు గానీ స్టీరింగు గానీ ఒక్కసారిగా కదపకపోవడం. టీవీలో మంచు తుపాను చూసి పాలకొల్లు నుంచి వారికి ఫోను చేసి బయటికి వెళ్లవద్దని బతిమాలే తల్లిదండ్రులే, మర్నాడు ముహూర్తం మించిపోతోందని తెల్లవారుజామున నన్ను 80లో వెళ్లమంటారు. నేను వెళ్లను.

లారీ వెనుక ఎర్ర దీపాలు పట్టుకుని వెళ్లిపోదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అది కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదడమే. అతను దేన్నయినా గుద్ది ఆగితే మీరు అతన్ని గుద్దుతారు. అతను చేపల చెరువు గట్టు మీదికి తిరిగితే మీరూ తిరుగుతారు. చేపల లారీ అయితే దాని నుంచి కారే నీళ్లు రోడ్డును జారుడు చేస్తాయి. ఫోనులో మ్యాపు చూపించే అడ్డదారులూ వద్దు. చేలలోకి పోయే మట్టి బాట అయిన పుంతకూ రోడ్డుకూ దానికి తేడా తెలియదు.

అసలు కష్టం: ఎదురు బండి

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

గట్టు రోడ్డుకు ఒక పక్క కాలువ, మరో పక్క పల్లంలో చేను లేదా బోదె, అంటే చేలకు నీరు పారే చిన్న కాలువ. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు గానీ ఈ రోజుల్లో అంచు దాకా నీరుంటుంది. ఎడమ చేతి వైపు కాలువ ఉన్న డ్రైవరు నీళ్లకు జంకి, తనకు తెలియకుండానే రోడ్డు మధ్యకు జరుగుతాడు. పగలైతే ఎదుటి బండి కనిపించగానే సర్దుకుంటాడు. మంచులో సర్దుకునే వ్యవధి దొరకదు. ఎదురెదురు ఢీ కొట్టుకోవడానికీ, ఆఖరి క్షణంలో తప్పించబోయి నీళ్లలో పడడానికీ మూలం ఇదే.

కాలువ మీ ఎడమన ఉంటే, ఎడమ చక్రం తారు అంచుకు మూరెడు లోపల నడిచేలా పెట్టుకోండి. అంతకంటే మధ్యకు వద్దు, అంచుకు వద్దు. చూపు నీళ్ల మీద కాకుండా తారు, మట్టి కలిసే గీత మీద ఉండాలి. నలుపు తెలుపు రంగు వేసిన గార్డు రాళ్లున్న చోట అవి దారి చూపిస్తాయి గానీ, అవి లేని చోట్లు చాలా ఉన్నాయి. కాలువ కుడివైపు ఉంటే, ఎదురుగా వచ్చే మనిషి తప్పకుండా మధ్యలో ఉంటాడనుకునే నడపండి.

ఎదుటి బండి కంటే ముందు దాని వెలుగు వస్తుంది. మంచులో ఎక్కడో ఒక తెల్లటి మబ్బు వెలిగినట్టు ఉంటుంది. పని మొదలుపెట్టాల్సింది అప్పుడే. కాలు యాక్సిలరేటరు మీద నుంచి తీసేయండి. వెనుకవారికి తెలిసేలా బ్రేకును రెండుసార్లు తేలిగ్గా తాకండి. రెండో గేరులోకి రండి. అతను హై బీమ్‌లో వస్తున్నాడని మీరూ వేయకండి. ఇద్దరు గుడ్డివాళ్లు ఎదురుపడడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు. ఒక్కసారి డిమ్ కొట్టి ఊరుకోండి. అతని లైట్లలోకి చూడవద్దు. ఎటు చూస్తే చెయ్యి అటే తిరుగుతుంది.

ఒక్క లైటు కనిపిస్తే మోటారు సైకిలని తీర్మానించకండి. రెండో లైటు పోయిన ట్రాక్టరు కావచ్చు, దాని మీద గడ్డి రెండు వైపులా మూరెడు బయటికి ఉండవచ్చు. ఆ గడ్డి మీ పక్క అద్దాన్ని రాసుకుంటూ పోయేదాకా అక్కడ ఉన్నట్టే తెలియదు.

వచ్చేది లారీయో గడ్డి ట్రాక్టరో అని అనుమానం వస్తే తారు మీదే ఎడమ అంచుకు చేరి, చక్రాలు తిన్నగా ఉంచి, పూర్తిగా ఆగండి. పెద్ద బండిని పోనివ్వండి. ఇందులో పరువు పోయేది ఏమీ లేదు. తారు దిగి మట్టి మార్జిన్ మీదికి మాత్రం వెళ్లవద్దు. మనది బంకమట్టి నేల. పైకి గట్టిగా కనిపిస్తుంది, మంచుకు తడిసి లోపల జారుతుంది. గట్టు అంచున కారు బరువుకు మట్టి విరిగిపోతుంది కూడా. దారి ఇవ్వబోయి కాలువలోకి ఒరిగిన కార్లలో ఎక్కువ నేను మార్జిన్ మీదే చూశాను.

ఒకవేళ ఎడమ చక్రం తారు దిగిపోతే వెంటనే స్టీరింగును కుడికి లాగకండి. అందరూ చేసే పని అదే, కారు ఎగిరి ఎదుటి బండి ముందుకు వెళ్లి పడేదీ అందువల్లే. స్టీరింగు తిన్నగా పట్టుకోండి. కాలు తీసేయండి. బ్రేకు గట్టిగా తొక్కవద్దు. బండి దాదాపు ఆగాక, ఎదురుగా ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా పైకి ఎక్కించండి.

ఎదుటి బండి దాటిపోగానే బయలుదేరవద్దు. కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడాలి. లారీ వెనుక దాన్ని దాటబోయే మోటారు సైకిలు ఉంటుంది, లేదా పాల బిందెలు కట్టుకున్న సైకిలు ఉంటుంది. మూడు అంకెలు లెక్కపెట్టి కదలండి.

కాలువ నీటిని ఆపి వదిలే తలుపులుండే లాకుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. వంతెన ఎత్తుగా ఉండి, దిగగానే రోడ్డు అడ్డంగా తిరుగుతుంది. ఎక్కేటప్పుడు మీ లైట్లు ఆకాశంలోకి పోతాయి, రోడ్డు కనిపించదు. ఎక్కే ముందే రెండుసార్లు హారన్ కొట్టి, అద్దంలోంచి విని, మొదటి గేరులో ఎక్కండి. హారన్ పని అక్కడే. దారి పొడవునా మోగిస్తే మీకే ఏమీ వినిపించదు.

ఆగాల్సి వస్తే

ఎదుటి బండికి దారి ఇవ్వడానికి తప్ప వంతెన మీద, మలుపులో, గట్టు మీద ఆగవద్దు. తర్వాతి ఊరి దాకా 15, 20 వేగంతోనైనా వెళ్లి బంకులోనో టిఫిన్ హోటల్ ఎదుటి ఖాళీ స్థలంలోనో రోడ్డుకు పూర్తిగా దూరంగా ఆపండి. బండి చెడి రోడ్డు మీదే ఆగిపోతే అప్పుడు వేయాలి నాలుగు ఇండికేటర్లు. అందరూ దిగి బండికి దూరంగా, చేను వైపు నిలబడండి. బండి వెనుక నిలబడి ఫోను మాట్లాడకూడదు.

సీటు బెల్టు, నీళ్లు

కాలువలో పడితే బెల్టు అడ్డమని దాన్ని పెట్టుకోనివారు మన ప్రాంతంలో చాలామంది. ఇది ప్రాణం తీసే నమ్మకం. గట్టు దిగేటప్పుడు తల తగిలి స్పృహ పోతే బెల్టు లేని మనిషి నీళ్లలో ఏమీ చేయలేడు. స్పృహలో ఉన్నవారికి బెల్టు విప్పడం ఒక్క క్షణం పని.

కారు నీళ్లలో పడితే మునిగేలోపు దొరికేది కొద్ది సమయం, నిమిషం కూడా ఉండకపోవచ్చు. ముందుగా బెల్టు విప్పండి, వెంటనే పక్క అద్దం దించండి. తలుపు కోసం పెనుగులాడవద్దు, నీటి ఒత్తిడికి అది తెరుచుకోదు. అద్దం దిగకపోతే పక్క అద్దాన్ని మూల దగ్గర బలమైన వస్తువుతో కొట్టి పగలగొట్టండి. ముందు అద్దం రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది, దాని జోలికి పోవద్దు. పిల్లలను ముందు బయటికి పంపి తర్వాత మీరు రండి. ఫోను చేయడం గట్టు ఎక్కాకే. 112కి గానీ 108కి గానీ చేసి ఏ కాలువో, ఏ గట్టో, ఏ రెండు ఊళ్ల మధ్యో చెప్పండి. దగ్గరలో లాకులు గానీ రేవు గానీ గుడి గానీ ఉంటే దాని పేరూ చెప్పండి. ఆ మంచులో మీ దగ్గరికి రావాల్సినవారికీ దారి కనిపించదు.