"మీరేమైనా అడగాలా?" అని ఇంటర్వ్యూలో అంటే ఏం అడగాలి, ఎవర్ని అడగాలి

ఇంటర్వ్యూ చివర్లో "మా వైపు నుంచి అయిపోయింది, మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అంటారు కదా, అక్కడ చాలామంది "ఏం లేదండి, అన్నీ క్లియర్‌గానే ఉన్నాయి" అనేసి లేచి వచ్చేస్తారు. మొదట్లో ఐదారు ఇంటర్వ్యూల్లో నేనూ అదే చేశాను. కొంత మొహమాటం, కొంత భయం, ఎక్కువ అడిగితే పొగరు అనుకుంటారేమో, చేతిదాకా వచ్చిన ఉద్యోగం పోతుందేమో అని.

అలా నోరు మూసుకుని జాయిన్ అయిన ఒక ఉద్యోగంలో మూడో వారం ఏదో ఛార్జర్ కోసం నా డెస్క్ కింది డ్రాయర్ లాగితే రెండు నోట్‌బుక్‌లు కనపడ్డాయి, రెండూ వేర్వేరు చేతిరాతలు, రెండిట్లోనూ నాకు అప్పగించిన పనులే రాసి ఉన్నాయి, ఒకటి పదిహేను పేజీల దగ్గర ఆగిపోయింది, ఇంకోటి పది కూడా దాటలేదు. పక్క సీటాయన్ని అడిగితే అప్పుడు చెప్పాడు, ఏడాదిన్నరలో ఈ సీట్లో నేను మూడోవాడినని. ఆ ముందు ఇద్దరు ఎందుకు వెళ్ళారో నాకు ఇంకో రెండు నెలల్లో బాగా అర్థమైంది. "ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయిందండి?" అని ఇంటర్వ్యూలో ఒక్క మాట అడిగుంటే అదంతా ముందే తెలిసేది, ఆ మేనేజర్ అబద్ధం చెప్పే మనిషి కూడా కాదు, అడిగితే చెప్పేవాడే.

అందుకే ఇప్పుడు తెలిసినవాళ్ళు ఎవరు ఇంటర్వ్యూకి వెళ్తున్నా ముందు ఇదే చెప్తాను, ఆ చివరి పది నిమిషాలు మీవి, వదులుకోకండి.

అయితే ఏం అడగాలి అంటే నెట్‌లో వెతికితే యాభై ప్రశ్నల లిస్టులు దొరుకుతాయి, వాటిలో సగం పనికిరావు. "మీ కంపెనీ కల్చర్ ఎలా ఉంటుంది?" అని అడిగారనుకోండి, "మాదంతా ఒక ఫ్యామిలీ లాగా ఉంటుంది" అంటారు. "వర్క్ లైఫ్ బ్యాలెన్స్ ఎలా ఉంటుంది?" అంటే "చాలా ఫ్లెక్సిబుల్" అంటారు. వాళ్ళు మోసం చేస్తున్నారని కాదు, మనం అభిప్రాయం అడిగాం, వాళ్ళు అభిప్రాయం చెప్పారు, దాంతో మనకి తెలిసింది ఏమీ లేదు.

నేను చెప్పేది ఒక్కటే పద్ధతి. ఎలా ఉంటుంది అని అడక్కండి, ఆఖరిసారి ఏం జరిగింది అని అడగండి.

ఇదేం నేను కనిపెట్టింది కాదు. జాన్ ఫ్లానగన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో అక్కడి వైమానిక దళానికి పైలట్ల ఎంపిక మీద పనిచేశాడు, మంచి పైలట్ అంటే ఎవరు అని అభిప్రాయాలు పోగేసే బదులు నిజంగా జరిగిన సంఘటనలు ఒక్కొక్కటీ చెప్పించుకుని రాసుకునే పద్ధతిని తయారుచేసి 1954లో దాని గురించి వివరంగా రాశాడు. ఇప్పుడు ఇంటర్వ్యూల్లో మనల్ని "టీమ్‌లో ఎవరితోనైనా గొడవైనప్పుడు ఏం చేశారో ఒక ఉదాహరణ చెప్పండి" అని అడుగుతారు చూడండి, దాని వెనక ఉన్న ఆలోచనా ఇదే. వాళ్ళు మన మీద వాడేదే మనం కూడా వాడుకోవచ్చు, మర్యాదగా.

అంటే బ్యాలెన్స్ గురించి అడగాలంటే "పోయిన నెలలో సెలవు రోజున పని చేయాల్సి వచ్చిందా అండి, ఏ పని మీద?" అని అడగాలి. ఎదుగుదల ఉంటుందా అనే బదులు "మీ టీమ్‌లో ఆఖరిసారి ప్రమోషన్ వచ్చినవాళ్ళు జాయిన్ అయిన ఎన్నాళ్ళకి వచ్చింది, ఏం చేస్తే వచ్చింది?" అనాలి. దీనికి టకటకా జవాబు వస్తే మంచిదే, ఒకవేళ ఆయన పైకి చూస్తూ "అంటే... మా దగ్గర టైటిల్స్‌కి అంత ప్రాధాన్యం ఇవ్వం" అన్నాడంటే ఈమధ్య ఎవరికీ రాలేదన్నమాట, వచ్చుంటే ఆ పేరు ముందు నోటికొచ్చేది.

వీటన్నిటిలో నాకు బాగా నమ్మకం ఉన్న ప్రశ్న తప్పుల గురించి. "ఆఖరిసారి ఏదైనా పెద్ద పొరపాటు జరిగినప్పుడు, డెడ్‌లైన్ మిస్సయిందనుకోండి, కస్టమర్ దగ్గర సమస్య వచ్చిందనుకోండి, ఆ మర్నాడు మీటింగ్‌లో ఏం మాట్లాడుకున్నారండి?" అని అడగండి. ఇది మీకు మేనేజర్ కాబోయే మనిషినే అడగాలి. జవాబులో ముందు ఏం వస్తుందో వినండి. "ఒకతను సరిగ్గా చూసుకోలేదు, తర్వాత అతన్ని ఆ పని నుంచి తీసేశాం" అని మొదలుపెడితే రేపు ఆ "ఒకతను" మీరే అవ్వొచ్చు. "మేం చెకింగ్ ఒక్కరి మీదే పెట్టాం, అది మా తప్పు, ఇప్పుడు ఇద్దరు చూస్తున్నారు" అంటే ఆ మనిషి దగ్గర పని నేర్చుకోవచ్చు. "మా దగ్గర అలాంటివి జరగవండి" అన్నారంటే మాత్రం నాకు ఇంకా అనుమానం వస్తుంది, పని జరిగే ఏ చోటైనా తప్పులు జరుగుతాయి, అవి పైదాకా రాకుండా కింద ఎవరో దాచేస్తున్నారని అర్థం.

ఇంకో ప్రశ్న ఉంది, అది నేను టేబుల్‌కి అవతలి వైపు కూర్చున్నప్పుడు నేర్చుకున్నది. మేం ముగ్గురం ప్యానెల్‌లో ఉన్నాం, ఒకమ్మాయి వచ్చింది, అన్నిటికీ బాగానే చెప్పింది, చివర్లో అడగమంటే "ఆరు నెలల తర్వాత నన్ను తీసుకోవడం మంచిపనైందని మీరు అనుకోవాలంటే ఆలోపు నేను ఏం చేసి ఉండాలండి?" అంది. నేనొకటి చెప్పాను, నా పక్కన మేనేజర్ అందుకుని పూర్తిగా వేరేది చెప్పాడు, మూడో ఆయన మాట్లాడకుండా మా ఇద్దరి ముఖాలు చూస్తున్నాడు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, రెండూ రాసుకుని "ఈ రెండిట్లో ముందు ఏది కావాలండి?" అని అడిగింది. నీళ్ళు నమిలాం ముగ్గురం. ఆమె వెళ్ళాక అరగంట కూర్చుని అసలు ఈ పోస్టులోకి మనిషిని ఎందుకు తీసుకుంటున్నామో మళ్ళీ రాసుకున్నాం, ఆ తర్వాత ఆమెనే తీసుకున్నాం. ఆ ప్రశ్న అడిగినందుకు ఆమె మీద మా గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు. అడిగితే ఏమనుకుంటారో అని భయపడేవాళ్ళకి ఇది ఎప్పుడూ చెప్తుంటాను.

ఈ పనిలో బాగోనిది ఏంటని కూడా అడగాలి. "ఈ పనిలో ఎక్కువమందికి విసుగు పుట్టించే భాగం ఏది?" అనండి. 1973లో జాన్ వానస్ అనే పరిశోధకుడు టెలిఫోన్ ఆపరేటర్ల ఉద్యోగాలకి వచ్చినవాళ్ళ మీద ఒక ప్రయోగం చేశాడు, కొందరికి ఉద్యోగం గురించి అన్నీ బాగున్నట్టు చూపించే ఫిల్మ్, ఇంకొందరికి ఇబ్బందులు కూడా ఉన్నదున్నట్టు చెప్పే ఫిల్మ్ చూపించారు. ఉన్నదున్నట్టు చూసినవాళ్ళు భయపడి ఉద్యోగం వద్దని పారిపోలేదు, పైగా చేరాక మానేద్దామన్న ఆలోచనలు వాళ్ళలోనే తక్కువ కనిపించాయి. కాబట్టి కష్టం ముందే చెప్పమనడం వాళ్ళకీ మంచిదే, మీకూ మంచిదే, ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఎవర్ని ఏం అడగాలో కూడా చూసుకోండి, ఇక్కడే చాలామంది పొరబడతారు. హెచ్‌ఆర్‌ని టీమ్‌లో రోజువారీ పని గురించి అడిగితే వాళ్ళకి తెలియదు, టెక్నికల్ రౌండ్ తీసుకునేవాళ్ళని జీతం గురించి అడిగితే వాళ్ళ చేతిలో లేదు. మేనేజర్‌ని ఆరు నెలల ప్రశ్న, తప్పుల ప్రశ్న, పోస్టు ఎందుకు ఖాళీ అయిందనే ప్రశ్న అడగండి. రేపు మీ పక్కన కూర్చోబోయేవాళ్ళు ఇంటర్వ్యూలో ఉంటే వాళ్ళని నిన్న రోజంతా ఏం చేశారో చెప్పమనండి, పొద్దున వచ్చిన దగ్గర్నుంచి. సగం రోజు మీటింగ్‌లే అంటే అది తెలిసిపోతుంది, మేనేజర్ చెప్పిన పనికీ వీళ్ళు నిజంగా చేస్తున్న పనికీ పొంతన లేకపోతే అదీ తెలిసిపోతుంది. పెద్ద బాస్ రౌండ్ ఉంటే రాబోయే ఏడాది ఈ టీమ్ పెరుగుతుందా తగ్గుతుందా, ఎందుకు, అని అడగండి, అది వాళ్ళకి తప్ప ఇంకెవరికీ సరిగ్గా తెలియదు.

ఒకే ప్రశ్న ఇద్దర్ని అడగడం కూడా మంచి పద్ధతే, "పని ఎక్కువైపోయినప్పుడు ఏది ఆపాలో ఎవరు చెప్తారు?" అని మేనేజర్‌నీ అడగండి, టీమ్‌లో మనిషినీ అడగండి. రెండు జవాబులూ కలిస్తే సంతోషం. మేనేజర్ "నేను చూసుకుంటాను" అన్నాడు, టీమ్ మనిషి మాత్రం నవ్వి "అన్నీ అర్జెంటే అండి" అన్నాడంటే మీరు ఆ నవ్వునే నమ్మండి.

అడిగే తీరు గురించి ఒక మాట. "మీ దగ్గర అందరూ మానేసి వెళ్ళిపోతున్నారంట, నిజమేనా?" అంటే అది నిలదీసినట్టు ఉంటుంది, ఎవరైనా ముడుచుకుపోతారు. "నాకు ముందు ఈ పని చూసినవాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారండి?" అంటే అదే విషయం, కానీ చెప్పేవాళ్ళకి చెప్పడానికి వీలుగా ఉంటుంది. ప్రమోషన్ వచ్చి వేరే టీమ్‌కి వెళ్ళారా, రాజీనామా చేశారా, అసలు ఇది కొత్త పోస్టా, అన్నీ అందులోనే వచ్చేస్తాయి. అడిగాక ఆగండి. మనలో చాలామందికి నాలుగు సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే తట్టుకోలేక "అంటే ఏం లేదండి, ఊరికే అడిగా" అని మనమే జవాబు మూసేస్తాం, అలా చేయకండి, వాళ్ళని ఆలోచించుకోనివ్వండి. తడుముకున్నంత మాత్రాన ఏదో దాస్తున్నారనీ అనుకోవద్దు, మానేసినవాళ్ళ సొంత విషయాలు బయటివాళ్ళకి చెప్పలేకపోవచ్చు, కొత్తగా వచ్చిన మేనేజర్‌కి పాత కథ తెలియకపోవచ్చు. "అది నేను చెప్పలేనండి" అని సూటిగా అంటే నిజాయితీ గలవాళ్ళే. టాపిక్ మార్చేస్తేనే గుర్తుపెట్టుకోవాలి.

ఆరేడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి, అందులో మూడు అడిగితే చాలు, మిగతావి మాటల్లో ముందే వచ్చేసి ఉంటాయి. కాగితం చూసి అడగడం నామోషీ కాదు, వీడియో ఇంటర్వ్యూ అయితే స్క్రీన్ పక్కన అంటించుకోండి. వాళ్ళ వెబ్‌సైట్‌లో మొదటి పేజీలో ఉన్నది మాత్రం అడక్కండి.

ఫ్రెషర్లు "మాకేం అర్హత ఉంది అడగడానికి" అనుకుంటారు, అస్సలు అలా అనుకోవద్దు. మీరు తప్పకుండా అడగాల్సింది ఒకటుంది, "మొదటి నెల నాకు డౌట్ వస్తే ఎవర్ని అడగాలి, వాళ్ళకి ఆ టైమ్ కేటాయించారా?" పేరు చెప్తే ఓకే, "అందరూ హెల్ప్ చేస్తారు" అంటే ఎవరికీ అప్పజెప్పలేదని అర్థం. మీ మొదటి ఉద్యోగం ఎలా సాగుతుందో చాలావరకు దీని మీదే ఉంటుంది.

డబ్బు సంగతి హెచ్‌ఆర్‌తోనే, ఆఫర్ మాట వచ్చాకే. అప్పుడు మాత్రం సిగ్గుపడకుండా అన్నీ అడగండి. మొత్తం చెప్పిన అంకెలో నెలనెలా చేతికి వచ్చేది ఎంత, వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చే భాగం) ఎంత, ఆ వేరియబుల్ పోయిన రెండేళ్ళలో నిజంగా ఎంత శాతం ఇచ్చారు (ఇది చాలామంది అడగరు, అడగాలి), ప్రొబేషన్ ఎన్నాళ్ళు, ఆ టైమ్‌లో నోటీస్ పీరియడ్ ఎంత, తర్వాత ఎంత. స్టార్టప్‌లో షేర్లు ఇస్తామంటే అవి ఎన్నేళ్ళలో మీ చేతికి వస్తాయో అడగండి, మామూలుగా 4 ఏళ్ళు ఉంటుంది, మొదటి ఏడాది నిండకముందే మానేస్తే ఒక్కటీ రాదు, అవి డబ్బు కట్టి కొనుక్కోవాల్సినవైతే, అప్పటికి మీకు హక్కు వచ్చినవాటిని మానేశాక కొనుక్కోవడానికి ఎన్ని రోజులు ఇస్తారో కూడా కనుక్కోండి. చిన్న కంపెనీ అయితే ఇప్పుడున్న డబ్బుతో ఎన్ని నెలలు జీతాలు ఇవ్వగలరని కూడా అడగొచ్చు, అది తప్పేమీ కాదు. నోటితో చెప్పినవన్నీ మెయిల్‌లో పెట్టమనండి, "నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకుంటానండి" అంటే ఎవరూ నొచ్చుకోరు.

లేచే ముందు ఇంకొకటి, తర్వాత రౌండ్ ఏంటి, ఎప్పటిలోగా చెప్తారు, లేటైతే ఎవరికి మెయిల్ పెట్టాలి. ఇది అడక్కపోతే తర్వాత రెండు వారాలు ఫోన్ చూసుకుంటూ గడుపుతారు.

బయటికి వచ్చిన గంటలోపు వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టుకోండి, ఎక్కడ తడుముకున్నారో కూడా రాయండి. ఎందుకంటే ఆఫర్ వచ్చిన రోజు కళ్ళకి జీతం అంకె ఒక్కటే కనపడుతుంది, మిగతావన్నీ "చూద్దాంలే" అనిపిస్తాయి. సంతకం పెట్టే ముందు ఆ కాగితం తీసి చదవండి, ఏదైనా తేలకుండా మిగిలిపోతే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి టీమ్‌లో ఒకరితో పదిహేను నిమిషాలు మాట్లాడించమనండి. ఆఫర్ ఇచ్చినవాళ్ళు మీరు రావాలనే కోరుకుంటారు కాబట్టి మామూలుగా కాదనరు, కాదన్నారనుకోండి, దాన్ని కూడా అదే కాగితం మీద కింద రాసుకోండి.