కెన్యా సేవకు వెళ్తున్నారా? స్వెట్టర్ సర్దుకోండి

ఒంగోలు నుంచి మా సంఘం తరఫున జులైలో కెన్యా సేవకు వెళ్లాం. ఆఫ్రికా అంటే మన రోహిణి ఎండలే అనుకుని అన్నీ నూలు చీరలే సర్దాను. నైరోబీ 1,700 మీటర్లకు పైగా ఎత్తున ఉంటుందని ఎవరికి తెలుసు! ఉదయ ఆరాధనలో పళ్లు టకటకలాడుతుంటే పక్కనున్న పెద్దావిడ తన శాలువా సగం నాకు కప్పింది. 'అసాంటె' (ధన్యవాదాలు) అన్నాను, నాకొచ్చిన ఒకే ఒక్క స్వాహిలీ మాట.

స్వెట్టర్ మరవకండి. ఆవకాయకు ప్లాస్టిక్ సంచి వద్దు, 2017 నుంచి అక్కడ నిషేధం. స్టీలు డబ్బా, చుట్టూ పాత తువ్వాలు చాలు.

అన్నిటికంటే ముఖ్యం ఎల్లో ఫీవర్ టీకా. గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే వేస్తారు, వేసిన పది రోజులకు గానీ అక్కడిచ్చే టీకా కార్డు చెల్లదు. అది లేకుండా తిరిగొస్తే మన దేశంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు.